కళ్యాణమొచ్చినా ఆగుతున్నది

కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగదని సామెత. ఆ మాట అన్నవారు మా కీసర ఫంక్షన్‌హాళ్ళను చూచి యెరుగరు. ఇక్కడ ఛాయాగ్రాహకుడు చేయెత్తితే కళ్యాణం ఆగుతుంది.

ఆ మధ్య బంధువులింట పెళ్ళి. శుభలేఖలో సుముహూర్తం పగలు 10 గంటల 52 నిమిషాలు. మగపెళ్ళివారు పటాన్‌చెరు నుండి ఔటర్ రింగురోడ్డు మీద గంటలో వచ్చారు. గేటు నుండి మంటపానికి రావడానికి మాత్రం గంటా పది నిమిషాలు పట్టింది. బాజాలు, చిందులు! తెల్లవారుజాము నుండి ఉపవాసమున్న పిల్ల గౌరీపూజ దగ్గరే కళ్ళు తిరిగి ఒరిగిపోయింది. కొబ్బరినీళ్ళు త్రాగించి, చెదిరిన ముస్తాబు సరిచేసి, కెమెరా ముందు నవ్వమన్నారు. జీలకర్ర బెల్లం పెట్టేసరికి 12.20.

పురోహితులకు శామీర్‌పేటలో మరొక పెళ్ళి ఉన్నది. పోయిన కాలమంతా మంత్రాలలో కోతపడింది. సప్తపది పరుగు పందెమైంది. మిట్టమధ్యాహ్నం అరుంధతిని చూపితే పిల్ల కనబడిందన్నది. ఆకలికి చుక్కలు కనబడే ఉంటాయి.

ముహూర్తమనగా రెండు ఘడియలు, 48 నిమిషాలు. లగ్నం సుమారు రెండు గంటలు. విశాఖలో ఉదయించిన లగ్నం మనకు దాదాపు 18 నిమిషాల తరువాత గాని ఉదయించదు. ఇంత లెక్క చూచి సిద్ధాంతిగారు కాలం నిర్ణయిస్తారు. చిల్లు గిన్నె నీట మునగడం చూచి ఘడియలు లెక్కించిన పూర్వులు ముహూర్తం నిలుపుకొన్నారు. చేతిలో సెల్‌ఫోనున్న మనకు చేతగాదా? నమ్మకం లేదనేవారితో నాకు పేచీ లేదు, వారు నిమిషాలు అచ్చువేయకుందురు గాక. అచ్చువేసి తప్పడమే నేనొప్పుకొనను.

లెక్క వెనుకనుండి వేయాలి. 10.52కు జీలకర్ర బెల్లమంటే, 10.40కే పిల్ల తెరవెనుక కూర్చుండాలి. కాళ్ళు కడుగుట, మధుపర్కం, మహాసంకల్పం, కన్యాదానం గంటన్నరకు తక్కువ కావు. అనగా తొమ్మిదికి వరుడు పీటలమీద ఉండాలి, ఎనిమిదికి ఊరేగింపు గుమ్మం చేరాలి. ఉపవాసమున్నా పాలూ పండ్లూ దోషం కాదు, పిల్లకు ఇవ్వండి.

వైశాఖంలో మా మనుమరాలి పెళ్ళి. ఛాయాగ్రాహకుణ్ణి పిలిచి, ముహూర్తం దాటేవరకు ఎవరినీ ఆపరాదన్నాను. సరేనన్నాడు. మగపెళ్ళివారే ఇంకా అనలేదు.