ఫోన్ చేస్తే పోయేది కాదు గ్రీన్‌కార్డు

“అక్కా, మా ఆయన అమెరికా సిటిజన్. పెళ్లయి ఏడాదిన్నర. గొడవైన ప్రతిసారీ ‘నేనొక్క ఫోన్ కొడితే నీ గ్రీన్‌కార్డు క్యాన్సిల్, మర్నాడే ఫ్లైట్ ఎక్కిస్తారు’ అంటున్నాడు. నిజమేనా?”

కాదమ్మా. చేతికొచ్చిన గ్రీన్‌కార్డు మొగుడు ఫోన్ చేస్తే పోదు, అత్తగారు ఫోన్ చేసినా పోదు. ఈ బెదిరింపు ఎన్ని ఇళ్లలో నడుస్తోందో నా ఇన్‌బాక్స్‌కి తెలుసు. అందుకే ఈ వారం మొత్తం దీనికే.

ముందు కార్డు తీసి గడువు చూడండి. పదేళ్ల కార్డైతే విడాకులతో దానికేమీ కాదు. సిటిజన్‌షిప్‌కి మాత్రం 3 ఏళ్ల లెక్క పోయి అందరిలాగే 5 ఏళ్లు ఆగాలి, అంతే. కార్డు వచ్చే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే ఇచ్చేది రెండేళ్ల కార్డు. చిక్కంతా ఇక్కడే. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ సంతకం చేసి ఐ-751 అనే ఫారం వెయ్యాలి. “నేను సంతకం పెట్టను పో” అన్న మాట పుట్టేది అక్కడే.

పెట్టకపోతే మానె. విడాకులైపోతే ఆ ఫారమే ఒంటరిగా వెయ్యొచ్చు, 90 రోజుల కోసం ఆగక్కర్లేదు కూడా. కొట్టడం, మానసికంగా హింసించడం ఉంటే విడాకులు కాకముందే ఒంటరిగా వెయ్యొచ్చు. విడాకుల కేసు నడుస్తుండగా గడువు ముంచుకొస్తుంటే మాత్రం ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. గడువు మాత్రం ఊరికే దాటిపోనివ్వకండి.

రుజువు చెయ్యాల్సింది ఒకటే: కార్డు కోసం కాదు, కాపురం చెయ్యడానికే పెళ్లి చేసుకున్నామని. మన అమ్మాయిలు ఇక్కడే బెంబేలెత్తిపోతారు. అపార్ట్‌మెంట్ లీజు ఆయన పేరు మీద, బ్యాంకు అకౌంట్ ఆయనది, కారు ఆయనదే. కానీ కలిపి ట్యాక్స్ కట్టి ఉంటే ఆ రికార్డు మీరూ ఐఆర్‌ఎస్ నుంచి తెప్పించుకోవచ్చు. ఇన్సూరెన్స్ కార్డు మీద మీ పేరుంటుంది. అన్నిటికీ మించి మన పెళ్లిళ్లకి సాక్ష్యం కరువా? శుభలేఖ, ఆల్బమ్, ఫంక్షన్ హాల్ రసీదు, ఆడపడుచుతో వాట్సాప్ చాటింగ్... ఏదీ డిలీట్ చెయ్యకండి. తెలుగులో ఉన్న కాగితాలకి ఇంగ్లిష్ అనువాదం, సరిగ్గా చేశానని అనువదించినవాళ్ల సంతకం కావాలి. అన్నిటి కాపీలూ ఆయనకి పాస్‌వర్డ్ తెలియని మెయిల్‌లో పెట్టుకోండి.

ఇంకా కార్డే రాలేదు, అప్లికేషన్ పెండింగ్‌లో ఉందంటే... ఇది గట్టి కష్టమే, తీపి కబుర్లు చెప్పను. ఆయన పిటిషన్ వెనక్కి తీసుకున్నా, ఈలోగా విడాకులైనా ఆ దారి మామూలుగా మూసుకుపోతుంది. సొంత హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లకి ఆ స్టేటస్ అలాగే ఉంటుంది. హింస భరించినవాళ్లకి ‘వావా’ చట్టం ఉంది. మొగుడి సంతకం లేకుండా ఐ-360 ఫారంతో సొంతంగా పిటిషన్ వేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. విడాకులైనా రెండేళ్ల లోపు వెయ్యొచ్చు. పోలీస్ రిపోర్టు ఉంటే మంచిదే, లేకపోయినా వెయ్యొచ్చు. వేసిన సంగతి ఇమిగ్రేషన్ వాళ్లు ఆయనకి చెప్పకూడదని చట్టంలోనే ఉంది. పేరులో విమెన్ అని ఉన్నా మగవాళ్లకీ వర్తిస్తుంది. తమ్ముళ్లూ, సిగ్గుపడకండి.

చెయ్యి చేసుకుంటే 911. మాట్లాడ్డానికి మనిషి కావాలంటే 1-800-799-7233, ఏ వేళలోనైనా.

“నాలుగు రోజులు అమ్మావాళ్ల దగ్గర ఉండి రా” అని తీసుకొచ్చి, పాస్‌పోర్టూ కార్డూ పట్టుకుని ఆయనొక్కడే విమానం ఎక్కేసే రకం కూడా ఉన్నారు. పుట్టింట్లో వాళ్లు “వస్తాడులే, సర్దుకుంటాడులే” అంటూ నెలలు గడిపేస్తారు. అలా గడపకండి. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కొత్త పాస్‌పోర్టుకి పెట్టండి. కార్డు చేతిలో లేకపోయినా, అమెరికా విడిచి ఏడాది దాటకపోతే ఐ-131ఏ ఫారంతో అమెరికన్ కాన్సులేట్‌లో ప్రయాణ పత్రం అడగొచ్చు. ఈలోగా ఎవరైనా ఐ-407 అనే కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టకండి. అది గ్రీన్‌కార్డు మీ అంతట మీరే వదులుకుంటున్నామని రాసిచ్చే కాగితం.