అడవిని సాక్ష్యానికి పిలిచేవాళ్లకి

"జంతువుల్లో చూడండి. మగదే పెద్ద. ఆడది పిల్లల్ని చూసుకుంటుంది. ఇది ప్రకృతి ధర్మం. మీ స్త్రీవాదులు ఎంత అరిచినా మారదు."

ఈ మాట పెళ్లి భోజనాల దగ్గర విన్నాను, స్టాఫ్ రూముల్లో విన్నాను, సాహిత్య సభల్లోనూ విన్నాను. మనుధర్మం పేరెత్తితే నలుగురూ నవ్వుతారని తెలిసిన చదువుకున్న మగవాళ్లు ఇప్పుడు ప్రకృతి ధర్మం పేరెత్తుతున్నారు. సైన్సు చెప్పిందంటే మనం నోరు మూసుకుంటామని వాళ్ల ధీమా. మూసుకోవద్దు. ఎవరు చూశారు, ఎలా చూశారు అని అడుగుదాం.

1971లో సారా హర్డీ అనే హార్వర్డ్ విద్యార్థిని రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూకి వచ్చింది, కొండముచ్చుల్ని గమనించడానికి. బయటి మగది గుంపుని ఆక్రమించుకున్నాక చంటిపిల్లలు చనిపోవడాన్ని అంతకుముందే ధార్వాడ్ దగ్గర జపాన్ శాస్త్రవేత్త సుగియామా నమోదు చేశాడు. ఇరుకు ఎక్కువై మతిచెడి చంపుతున్నాయేమో అనుకున్నారు. మతిచెడి కాదంది హర్డీ. పిల్ల పోతే తల్లి త్వరగా మళ్లీ ఎదకొస్తుంది, కొత్త మగదానికి దానివల్ల లాభం.

ఇక్కడితో ఆగితే ఇదీ మగవాడి కథే. హర్డీ ఆగలేదు. మరి ఆడవి ఏం చేస్తున్నాయి అని చూసింది. పిల్లకోసం తల్లితో పాటు ముసలి ఆడ కొండముచ్చులు మగదాని మీదికి దూకడం చూసింది. ఆడవి తమ గుంపు మగదానితోనే సరిపెట్టుకోకుండా బయటి మగవాటిని కోరి వెళ్లడం, కడుపుతో ఉండి కూడా జతకట్టడం చూసింది. తండ్రెవరో తేలకపోతే పిల్ల బతికే అవకాశం ఎక్కువని ఆమె వివరణ. 'సిగ్గుపడే, ఎదురుచూసే ఆడది' అనే పాత బొమ్మ అక్కడ పగిలింది. 1977లో ఆమె ఆబూ కొండముచ్చుల పుస్తకం వచ్చాక ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి.

ఇంత కళ్లముందున్నది అంతకాలం ఎందుకు కనపడలేదు? జవాబు జీన్ ఆల్ట్‌మన్ 1974లో రాసిన వ్యాసంలో ఉంది. పరిశీలకుడు తన కంటిని లాగినదే రాసుకుంటూ పోతే నోట్‌బుక్ నిండా పెద్ద మగవాటి కొట్లాటలే ఉంటాయి. అలా కాదు, ఒక్కో జంతువునీ వరసగా ఎంచుకుని, నిర్ణీత సమయంపాటు అది ఏం చేసినా రాయాలంది ఆమె. కెన్యాలోని అంబోసెలిలో బబూన్ తల్లుల్ని అలాగే గమనించింది. పిల్లని మోస్తూ, పాలిస్తూ, తన తిండి తానే వెతుక్కునే తల్లి రోజంతా ఎంత పని చేస్తుందో లెక్కలోకి వచ్చింది.

ఇది మనకి కొత్త సంగతా? అరుపులూ కొట్లాటలూ చరిత్ర, వంటా పెంపకమూ 'ఖాళీగా ఇంట్లో ఉండటం'. అడవిలోనూ అదే లెక్క నడిచింది.

ఇక 'మగదే పెద్ద' సంగతి. ఏనుగుల కుటుంబాన్ని నడిపేది పెద్ద ఆడ ఏనుగు. ఆఫ్రికా మచ్చల దుమ్ములగొండుల్లో ఆడవాటిదే పైచేయి. 2024లో 429 క్షీరద జాతుల బరువులు పోల్చి చూస్తే, మగవి బరువైన జాతులు సగం కూడా లేవు.

అయితే మనవాళ్లకీ ఒక మాట చెప్పాలి. దుమ్ములగొండిని చూపించి 'చూశారా, ఆడదే పెద్ద' అని చంకలు గుద్దుకోవద్దు. అప్పుడు మనమూ అదే కోర్టుకి వెళ్లినట్టు. కొండముచ్చు పిల్లని చంపుతుంది కాబట్టి సవతి తండ్రి హింస సహజమని ఎవడైనా అంటే ఒప్పుకుంటామా? ఎందుకు జరుగుతుందో చెప్పడం వేరు, జరగనివ్వడం వేరు. మన హక్కులకి ఏ జంతువు సాక్ష్యమూ అక్కర్లేదు. ఆడవాళ్లకే ప్రత్యేకమైన కళ్లున్నాయనీ నేననడం లేదు. ఆల్ట్‌మన్ పద్ధతి ఎవరు పాటించినా పనిచేస్తుంది. కానీ ఆడవి ఏం చేస్తున్నాయన్న ప్రశ్న అడగాలని ముందు ఎవరికో తోచాలి కదా!

నేను జువాలజీ ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా క్లాసు మగపిల్లలు వారం రోజులు అడవిలో క్యాంపుకి వెళ్లారు. మమ్మల్ని 'మీ భద్రత కోసమే' అని ఆపేశారు. వాళ్లు తెచ్చిన నోట్సు చూసి మేము రికార్డులు రాశాం. నా బొమ్మలు బావున్నాయని మార్కులు కూడా ఎక్కువ వేశారు. చూడని అడవిని నేను చక్కగా గీశాను.

అందుకే ప్రకృతి ధర్మం చెప్పేవాళ్లని అడుగుతున్నాను. సగం మందిని గేటు బయట నిలబెట్టి, సగం జంతువుల్ని నోట్‌బుక్ బయట వదిలేసి రాసుకున్నది ప్రకృతి ధర్మమా, మీ ఇంటి ధర్మమా? ముందు గేటు తియ్యండి. అక్కడ ఉండటానికి గదీ, మరుగుదొడ్డీ ఏర్పాటు చెయ్యండి. చంటిబిడ్డ తల్లి కూడా ఫీల్డుకి వెళ్లే వీలు కల్పించండి. అడవి ఏం చెబుతుందో ఆ తర్వాత మాట్లాడుకుందాం.