విత్తనానికి పాస్‌బుక్ అడగొద్దు

నెల్లూరు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య వానే దిక్కు. 2016లో అది మొహం చాటేసింది, 2018లో మళ్లీ అదే తంతు. సోమశిల ఆయకట్టు రైతుకు మరుసటి ఏటి మీద ఆశైనా ఉంటుంది. ఇసుకనేలలో అర ఎకరమో ఎకరమో నోటిమాట కౌలుకు చేసుకునే యానాది గిరిజన రైతుకు విత్తుగింజలు కూడా మిగలవు. ఆకలికి అవే ముందు కుండలోకి పోతాయి.

అలాంటి రైతు రాయితీ విత్తనానికి వెళితే పాస్‌బుక్ అడుగుతారు. అది లేకుంటే సాగుదారు హక్కు కార్డు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సమ్మతి సంతకం తప్పనిసరి. యానాదికి సంతకం పెట్టిచ్చే ఆసాములు ఎందరో అధికారులకు తెలియదా? 1952 దాకా నేరస్థ తెగల చట్టం నీడన బతికి, రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట అడవిని వదులుకున్న జాతిని కాగితం చూపమనడం అన్యాయం.

ఇచ్చే విత్తనం సంగతీ అంతే. వేరుశనగకు ఎకరాకు బస్తాల కొద్దీ గింజ కావాలి, వాన తప్పితే అప్పే మిగులుతుంది. కొర్ర, సజ్జ అయితే రెండు కిలోలు చాలు. వరిగ 70 రోజుల్లో చేతికొస్తుంది. నాటు విత్తనమంటే మొలగొలుకుల వరి గుర్తొచ్చి మురిసిపోయేవాళ్లున్నారు. రుచికి వంక లేదు గానీ, నెలల తరబడి నీళ్లు తాగే ఆ వరి కరువుకు మందు కాదు.

దారి కొత్తగా వెతకనక్కర్లేదు. మట్టి, బూడిద, బీజామృతం పట్టించిన నవధాన్యాల గుళికలను వానకు ముందే పొడినేలలో చల్లే పద్ధతిని మన రైతు సాధికార సంస్థ అనంతపురంలో చేసి చూపింది. ఆ సంస్థ నడిపే ప్రకృతి సాగుకే 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది. జహీరాబాద్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు విత్తనం అప్పిచ్చి, పంటొచ్చాక కొంత కలిపి తిరిగి తీసుకుంటారు. వడ్డీ కూడా గింజల్లోనే. చట్టం అడ్డమూ లేదు: 2001 నాటి రైతు హక్కుల చట్టం బ్రాండు పేరు వేయని సొంత విత్తనాన్ని దాచుకోనిస్తుంది, పంచుకోనిస్తుంది, అమ్ముకోనిస్తుంది.

యానాదుల కోసమే ఏర్పడిన నెల్లూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఇక సాకులు చెప్పకూడదు. తీర మండలాల్లోని యానాది మహిళా సంఘాల చేతికే విత్తన నిల్వలు అప్పగించాలి, తొలి విడత గింజలు ఉచితంగా ఇవ్వాలి. పొలం ఎవరి పేరున ఉందో కాదు, ఎవరు దున్నుతున్నారో గ్రామసభలో తేల్చాలి. సెప్టెంబరు దాటాక వచ్చే విత్తనం ఎవరికీ అక్కరకు రాదు కనుక, ఈ పని ఆగస్టులోనే పూర్తి కావాలి.