బండి వెనక రబ్బరు పట్టాలు

పోయిన నెల వానకు కారే ఇంటి రేకుల గురించి రాస్తే, అక్కల్‌కోట్ రోడ్డు దిక్కు ఇద్దరు బండ్లోళ్లు దొరికి, "తాతా, ఇంటికి చెప్పినవు, బండికి ఏం చెప్పవా?" అన్నరు. నిజమే. మన షోలాపూర్ వాడకట్టుల ఇప్పుడు సాంచాలు నడిపే పిల్లలకన్న పికప్‌లు నడిపేటోళ్లే ఎక్కువ కనబడుతున్నరు. అందుకే ఈ నెల చక్రాల వెనక వేలాడే మడ్‌ఫ్లాపుల ముచ్చట. మనకు రబ్బరు పట్టాలనే తెలుసు.

మా పెద్దోడు రెండేండ్ల కింద పాత బొలెరో పికప్ కొన్నడు, అప్పు మీదనే. దానికి వెనక పట్టాలు లేవు, ఉత్త బోల్టు బొక్కలున్నయి. "బాపూ, పట్టాలు వేయించాలె" అన్నడు. "ముందు కిస్తీ కట్టు, సోకులు తర్వాత" అన్న. ఆ మాట నాదే, దాచుకోను.

వానాకాలం వచ్చింది. ఒకనాడు కార్ఖానా నుంచి గోదాముకు తెల్ల తువ్వాళ్ల మూటలు ఎత్తిండు. పైన తాడిపత్రి గట్టిగనే కట్టిండు. బురద పై నుంచి రాలేదు. చక్రం ఎగజిమ్మిన నల్లరేగడి వెనక తలుపు కింది సందుల నుంచి దూరి, అడుగు మూటలు రెండు పాడుచేసింది. సేటు వాటిని పక్కకు తోసి కిరాయిల కోసుకున్నడు. ఆ నెల కిస్తీకి తక్కువపడ్డది నా పింఛన్ల నుంచి ఇచ్చిన. మిల్లోళ్ల పింఛను ఎంతుంటదో మీకు చెప్పే పని లేదు. మిల్లుల తెల్లగుడ్డ మీద నూనె చుక్క పడితే పగారు కోసేటోళ్లు. 31 ఏండ్లు ఆ భయంతోనే పని చేసిన నేను ఈ మాట ముందుగాల ఎందుకు ఆలోచించలేదో!

మరునాడే ఇద్దరం దుకాణానికి పోయినం. గట్టి ప్లాస్టిక్‌వి ఉన్నయి, చవక. కానీ మన ఎండలకు ప్లాస్టిక్ పెళుసైతది, బోల్టు దగ్గర్నే చీలుతది. పులిబొమ్మవి మెరుస్తున్నయి, మావోని కండ్లు వాటి మీదనే. నేను రబ్బరుది ఒకటి తీసి, మోటరు పట్టాను చూసినట్టే నడిమికి మడిచి చూసిన. మడత మీద సన్న పగుళ్లు లేచినయి. పాత సరుకు, పక్కన పెట్టించిన. ఇంకోటి తీస్తే కోసిన అంచుల గుడ్డ పోగులు కనబడ్డయి. నడుమ గుడ్డ పెట్టి పోసిన రబ్బరు అది. బోల్టు కాడ తొందరగ చినగదు. నేతోనికి ఇంకేం చెప్పాలె, అదే తీసుకున్నం. మరీ మెత్తది గాలికి పైకి లేస్తది, మరీ బరువుది రేకునే పీకుతది.

ఇగ కొలత. మిస్త్రీ ఖాళీ బండికి కొలిచి, నేలకు నాలుగేండ్లే ఎత్తుల కోయబోయిండు. ఆగమన్న. సరుకు ఎక్కితే కమాన్ కట్టలు దిగుతయి, బండి వెనక భాగం కిందికి కూర్చుంటది. అప్పుడు పట్టా నేలకు రాసుకుంటది. రివర్స్ చేసేటప్పుడు గడ్డ తగిలితే చక్రం దాన్ని కిందేసుకొని బోల్టులతో సహా పీకుతది. అందుకే మూటలు ఎక్కించి కొలిపించిన. సరుకుతో బెత్తెడు పైన ఉండాలన్న. ఖాళీగ చూస్తే జానెడు దాకా వచ్చింది. ఇంకా పైకి కోస్తే బురద దాని కింది నుంచే పోతది. వెడల్పు టైరుకన్న రెండు వేళ్లు ఎక్కువ. ముందు చక్రాలకైతే స్టీరింగు రెండు దిక్కులా పూర్తిగ తిప్పి, తగలకుండ ఉన్నదా చూడాలె.

పైన ఇనుప పట్టీ పెట్టి, పెద్ద వాషర్లతో బిగించుకోండ్రి. కొత్తగ బొక్క పొడిస్తే రెడాక్సైడ్ పూయండ్రి, లేకుంటే అక్కడి నుంచే తుప్పు మొదలు. దేవుని పేరు మాత్రం దాని మీద రాయించొద్దు, బురద పడే జాగ అది.

పట్టాలుంటే బురద అసలే రాదని కాదు. మూటల కింద ఇంకో తాడిపత్రి పరుసుడు ఇప్పుడు మావోనికి అలవాటైంది. అన్ని కలిపి అయిన ఖర్చు సేటు కోసుకున్నదానికన్న తక్కువే.

మొన్న వానల తిరిగొస్తే అడుగు మూట నేనే విప్పి చూసిన. పొడిగనే ఉన్నది. కుడి పక్క పట్టా బోల్టు ఒకటి వదులైంది, ఇప్పుడు పానా పట్టుకొని పోవాలె.