గురి వెనక ఏముంది?

అమెరికా వెళ్లొచ్చినవాళ్లని మనవాళ్లు అడిగే ప్రశ్నలు ముఖ్యంగా నాలుగు. నయాగరా చూశారా? అబ్బాయిది సొంతిల్లేనా? అక్కడ పనిమనిషి దొరుకుతుందా? అందరి దగ్గరా తుపాకులుంటాయట, నిజమేనా? మొదటి మూడింటికీ నా దగ్గర ఒక్క ముక్కలో జవాబుంది. నాలుగోదానికి మాత్రం ఒక శనివారం కథంతా చెప్పుకురావాలి.

రెండేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి కొలరాడో వెళ్లాం. డెన్వర్ శివార్లలో ఉంటాడు. పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దమనిషి. సైన్యంలో చేసి రిటైరయ్యాడు. మా ఆవిడ పులిహోర రెండుసార్లు వడ్డించుకున్న చనువుతో "శనివారం అడవికి వెళ్తున్నా. టార్గెట్ షూటింగ్. వస్తారా?" అన్నాడు. అడవిలో తుపాకీ మోగిందంటే మనకు తోచేవి రెండే. అయితే వేట, లేకపోతే ఎన్‌కౌంటర్. కాగితానికి గురిపెట్టి పేల్చుకుని, ఫ్లాస్కులో కాఫీ తాగి ఇంటికొచ్చే సరదా ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అక్కడ నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్టు వేరు. ఎల్లోస్టోన్, గ్రాండ్ కేనియన్ లాంటివి పార్కులు. వాటిలో ఇలా సరదాకి తుపాకీ పేల్చడానికి లేదు. ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద ఉంటాయి. మొత్తం 19 కోట్ల ఎకరాల పైమాటే. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి దాదాపు మూడింతలు! ఇక్కడ కలప కొట్టనిస్తారు, పశువుల్ని మేపనిస్తారు, గుడారం వేసుకోనిస్తారు. మూసేసిన చోట్లు తప్పిస్తే, నియమాలకు లోబడి తుపాకీ కూడా పేల్చనిస్తారు. చాలాచోట్ల గేటుండదు, టికెట్టుండదు, "ఏయ్, ఎవరక్కడ?" అనే ఫారెస్టు గార్డూ కనబడడు. మన దగ్గర రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా తుపాకీతో అడుగుపెట్టడమే నేరం. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది కూడా షూటింగ్ రేంజిలో, పది మీటర్ల దూరంలోని టార్గెట్‌ని కొట్టి.

శుక్రవారం సాయంత్రం పెద్దాయన ఫారెస్టు ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఏ దారి మూశారు, నిప్పు ఆంక్షలేమైనా ఉన్నాయా అని కనుక్కున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "మీది విజిటర్ వీసా కదూ?" అన్నాడు. అవునన్నాను. "అయితే మీరు చూడ్డానికే. తుపాకీ ముట్టుకోకూడదు, తూటా కూడా" అన్నాడు.

కాస్త చిన్నబుచ్చుకున్నాననే చెప్పాలి. మా అబ్బాయి కల్పించుకుని, "నాకూ అంతే నాన్నా, హెచ్‌1బీ కదా" అన్నాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. విజిటర్, స్టూడెంట్, హెచ్‌1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. కాసేపు చేత్తో పట్టుకున్నా ఆ లెక్కలోకే వస్తుందట. నేరం రుజువైతే 15 ఏళ్ల దాకా జైలు. ఆపైన దేశం నుంచి పంపించేయడం ఉండనే ఉంది. కొన్ని మినహాయింపులు లేకపోలేదు. వాటిలో మనవాళ్లకు పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం. అది కావాలంటే చాలా రాష్ట్రాల్లో ముందు భద్రతా పాఠాలు చదివి పరీక్ష రాయాలి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఈ తంటా లేదు.

ఈ ముక్క ఎంతమంది మన పిల్లలకి తెలుసో గానీ, ఫేస్‌బుక్‌లో రైఫిల్ భుజాన పెట్టుకుని దిగిన ఫొటోలు మాత్రం నేను చాలానే చూశాను. స్నేహితులు పిలిచారని వెళ్తారు, ఒక్కసారి పేల్చి చూడమంటే పేలుస్తారు, ఆ ఫొటో ఊళ్లో అమ్మమ్మ దాకా వస్తుంది. నేరానికి సాక్ష్యం మనమే తీసి నలుగురికీ పంచిపెట్టడమన్నమాట. మీ పిల్లలు అక్కడ చదువుతుంటే ఈసారి ఫోన్లో "తిన్నావా" తర్వాత ఈ మాట కూడా అడగండి.

మేం వెళ్లింది పైక్ నేషనల్ ఫారెస్టుకి. మట్టిరోడ్డు మీద చాలాదూరం పోయాక ఒక గుట్ట వారన ఆపాడు. ఆపగానే తుపాకీ తీస్తాడనుకున్నాను. తీయలేదు. అరగంటసేపు ఆ చుట్టుపక్కలే తిరిగాడు. గుడారాలేమైనా ఉన్నాయా, కాలిబాట ఉందా, గుట్ట వెనక ఏముంది... అన్నీ చూసుకున్నాడు. ఇల్లు, కట్టడం, గుడారాలు వేసే చోటు, మనుషులు మసిలే చోటు ఏదున్నా దానికి 150 గజాల లోపు పేల్చకూడదు. మన లెక్కలో 137 మీటర్లు. రోడ్డు మీదుగా పేల్చకూడదు, రోడ్డు పక్కనున్న నీటి మీదుగానూ పేల్చకూడదు. గుహల్లోకి అసలే కూడదు. ఇవన్నీ రాసిపెట్టిన నియమాలు. కానీ ఆయన దృష్టి అంతకన్నా దూరంలో ఉంది. చిన్న తూటాల పెట్టె ఒకటి నా కళ్ల ముందు పెట్టాడు (నా చేతికి మాత్రం ఇవ్వలేదు!). చిటికెన వేలిలో సగం లేని తూటా. మైలు దాటి కూడా ప్రమాదమేనని పెట్టె మీదే అచ్చేసి ఉంది. "150 గజాలు చట్టానికి. తూటాకి ఆ లెక్క తెలియదు. దాన్ని ఆపాల్సింది మట్టి" అన్నాడు.

అందుకే టార్గెట్‌ను ఎత్తయిన మట్టిగుట్ట పాదాన పెట్టాడు. గుట్ట కొసన పెడితే గురి తప్పిన తూటా అవతలికి వెళ్లిపోతుంది. రాతికి ఆనిస్తే తగిలి ఎటు ఎగురుతుందో చెప్పలేం. వెనక పొదలుంటే పొదల వెనక ఎవరున్నారో తెలియదు.

ఇంత చాదస్తం ఎందుకన్నట్టు చూశాను కాబోలు, కాఫీ పోస్తూ చెప్పాడు. 2015 జులై 3న ఇదే పైక్ అడవిలో ఒక కుటుంబం గుడారం వేసుకుంది. మర్నాడు వాళ్ల స్వాతంత్ర్య దినం, సెలవులు. తాతగారు మనవలతో నెగడు దగ్గర కూర్చుని మిఠాయి కాలుస్తున్నారు. ఎక్కణ్నుంచో ఒక తూటా వచ్చి తగిలింది. ఆయన అక్కడే ప్రాణం విడిచారు. పేల్చినవాళ్లు ఆయన్ని చూసి కూడా ఉండరు. ఎవరి మీదా పగతో వచ్చిన తూటా కాదది. గురి వెనక ఏముందో చూడకుండా వదిలిన తూటా. ఆ తాతగారికీ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. పక్కన మా మనవడు చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు పెట్టుకుని గంతులేస్తున్నాడు. ఆ తర్వాత నాకు కాఫీ రుచించలేదు.

కాసేపటికి ట్రక్కులో ఇద్దరు కుర్రాళ్లు దిగారు. పెద్దాయన తన తుపాకీ ఖాళీ చేసి, కింద పెట్టి, వెళ్లి చేయి కలిపాడు. అందరూ ఒకే వరసలో నిలబడాలి, ఒకేవైపు పేల్చాలి. టార్గెట్ మార్చాలంటే కేకేసి చెప్పాలి, అందరూ ఆపాలి. తుపాకులన్నీ ఖాళీ చేసి, ఖాళీ అయినట్టు కనబడేలా తెరిచిపెట్టి, వెనక్కి జరగాలి. ముందు మనిషున్నంతసేపూ ఎవరూ తుపాకీ ముట్టుకోకూడదు, సర్దడానికైనా సరే. ఇందులో చాలా మటుకు ఏ చట్టంలోనూ లేదు. మర్యాదంతే. ఒక కుర్రాడు మాట్లాడుతూ గొట్టం కాస్త పక్కకి తిప్పాడు. పెద్దాయన ఏమీ అనలేదు, గొట్టం వైపే చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి.

ఇక నిప్పు సంగతి. తూటాతో అడవి అంటుకుంటుందంటే నేను నమ్మలేదు. మేకుని సుత్తితో పదిసార్లు బాది ముట్టుకుంటే చురుక్కుమంటుంది కదా, ఇదీ అలాంటిదే. తూటా ఉక్కు పలకకో రాయికో తగిలి ముక్కలైనప్పుడు దాని వేగమంతా వేడిగా మారుతుంది. అక్కడి ఫారెస్టు సర్వీసు పరిశోధకులు 2013లో దీన్ని పరీక్షించి చూశారు. ఉక్కు కలిసిన తూటాలు, పూర్తి రాగి తూటాలు ఎండు చెత్తను సులువుగా అంటిస్తాయని తేల్చారు. మొదట పొగ మాత్రమే వస్తుంది. మనం బండెక్కి వెళ్లిపోయాక మంట లేస్తుంది. అందుకే వేసవి ముదిరినప్పుడు చాలా అడవుల్లో కాల్పులే ఆపేస్తారు.

తగలగానే ఢామ్మని పేలే టార్గెట్లు కూడా అమ్ముతారట! కొలరాడో అడవుల్లో వాటిని 2013లోనే నిషేధించారు. 2017లో అరిజోనాలో ఒకాయన పుట్టబోయేది ఆడో మగో చుట్టాలకి చెప్పే వేడుకలో ఇలాంటిదాన్నే కొట్టాడు. నీలిరంగు పొడి ఎగిరింది, అంటే మగబిడ్డ. దాంతోపాటే గడ్డీ అంటుకుంది. మంట కొరొనాడో నేషనల్ ఫారెస్టులోకి పాకి, సుమారు 47 వేల ఎకరాలు తగలబడ్డాయి. నష్టం 80 లక్షల డాలర్ల పైనే. కోర్టు ఆయన్ని 2,20,000 డాలర్లు కట్టమంది. ఇంతా చేసి ఆయన సరిహద్దు గస్తీ ఉద్యోగి, తుపాకీ పట్టడమే వృత్తి అయినవాడు.

అదే అరిజోనాలో, ఎడారి భూముల్లో, 1982లో ఇంకో విడ్డూరం జరిగింది. సరదాకి పెద్ద జెముడు చెట్టును కాల్చిన కుర్రాడి మీద ఆ చెట్టు కొమ్మే విరిగిపడి, ప్రాణం తీసింది. చెట్లను టార్గెట్ చేసుకోవడం అడవుల్లోనూ తప్పే. సీసాలు, పాత టీవీలు, ఫ్రిజ్‌లు తెచ్చి కాల్చి వదిలేయడం మరీ తప్పు. మేం వెళ్లిన దారిలో అలాంటి చెత్తగుట్ట ఒకటి కనబడింది. "ఇలాంటివాళ్ల వల్లే చోటుకి చోటు మూసేస్తున్నారు" అని పెద్దాయన విసుక్కున్నాడు. ఆ రోజు మొత్తమ్మీద ఆయన గొంతులో కోపం వినబడింది అప్పుడొక్కసారే.

సాయంత్రం సర్దే వేళకి నేనూ సాయం చేద్దామని కిందపడ్డ ఇత్తడి గొట్టాలు ఏరబోయాను. "మీరు అట్టముక్కలు ఏరండి, చాలు" అన్నాడు నవ్వుతూ. ఆ చట్టంలో తూటా అన్నమాటకి చెప్పిన అర్థంలో తూటా తొడుగులూ ఉన్నాయి. పేలిపోయినవాటికీ అది వర్తిస్తుందా అన్నది లాయర్ల తగువు. మనకెందుకని అట్టముక్కలే ఏరాను. మనవడూ, కుర్రాళ్లూ కలిసి గొట్టాలు ఏరి సంచిలో పోశారు. తమవి కానివి కూడా.

తిరుగు ప్రయాణానికి సామాను సర్దుతున్నప్పుడు మా ఆవిడ నా చేతిసంచి పక్క జేబులోంచి ఏదో తీసి, "ఇదేమిటండీ?" అంది. మిలమిలా మెరుస్తూ ఇత్తడి గొట్టం! తాతకి గుర్తుగా ఉంటుందని మనవడు పెట్టాడట. డెన్వర్‌లోనో శంషాబాద్‌లోనో ఎక్స్‌రే తెర మీద అది కనబడి, సంచి విప్పమంటే నేనేం జవాబు చెప్పాలి? వాణ్ని పిలిచి, దాన్ని వాడి చేతికే ఇచ్చేశాను. సంచులన్నీ మళ్లీ మొదటినుంచి విప్పి, ఒక్కో జేబూ బోర్లించి చూసుకునేసరికి రాత్రి ఒంటిగంటయింది.