ధూళితో కాపురము

ఇల్లు శుభ్రపఱచుట మనకు నిత్యవిధి. మేము చూచివచ్చిన యొక గనులపట్టణమున నది బిడ్డలను కాచుకొను వ్రతము.

ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమర రమారమి 1,150 కిలోమీటర్ల దూరమున బ్రోకెన్ హిల్ అను నూరు కలదు. రైలులో పోవుచు చూడగా ఎఱ్ఱనేల, బూడిదవన్నె పొదలు తప్ప మఱేమియు కానరాలేదు. ఆ యూరు న్యూ సౌత్ వేల్స్‌లోనిదైనను, దక్షిణ ఆస్ట్రేలియా కాలమునే పాటించును. దిగగానే గడియారమును అరగంట వెనుకకు త్రిప్పుకొంటిమి.

1883లో నచ్చట వెండి, సీసము, తుత్తునాగము గల ఖనిజము బయల్పడెను. గనులకై చెట్లన్నియు నఱకగా, ఇసుక తుపానులై లేచి యిండ్లపై పడసాగెను. 1936లో ఆల్బర్ట్ మోరిస్ అను నాయన, భార్య మార్గరెట్ తోడ్పాటుతో, ఊరి యంచున కంచెలు వేయించెను. పశువులును కుందేళ్లును చొరకుండుటచే నచ్చటి మొక్కలే మరల పెరిగి యిసుక నణచెను.

అయినను దుమ్ములోని సీసము పోలేదు. అది చేతులవెంట నోటికి బోయి పసివారి బుద్ధివికాసమును చెఱచును. అందుచే 1991 నుండి చిన్నబిడ్డల రక్తమును పరీక్షించుచున్నారు. పొడి చీపురు మాని తడిగుడ్డతో తుడువుడనియు, భోజనమునకు ముందు బిడ్డల చేతులను, ఆటవస్తువులను గూడ కడుగుడనియు తల్లులకు బోధింతురు. ఇంటికప్పునుండి పట్టిన వాననీటిని త్రాగరాదందురు. ఎడారిలో వాన కురిసియు నా నీరు బిడ్డకు పట్టరాకుండుటకన్న కష్టమేమున్నది!

కాళ్లుచేతులు కడిగి లోనికి రమ్మను పెద్దలమాటకు మేమును చిన్ననాడు నవ్వినవారమే. ఇప్పుడు నవ్వము.