జిప్సీకి డీజిల్ ఇంజిన్ సరే, గేర్ల సంగతేంటి?

పాత జిప్సీలో స్విఫ్ట్ డీజిల్ ఇంజిన్ పెట్టాలనుకునే వాళ్లు ముందు అడిగేది పవర్ ఎంతనే. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది గేర్లు.

స్విఫ్ట్ గేర్‌బాక్స్ కూడా తెచ్చేస్తే పోలా? కుదరదు. అది ఇంజిన్ అడ్డంగా ఉండి ముందు చక్రాలు తిప్పే బండి కోసం చేసింది. జిప్సీలో ఇంజిన్ పొడవుగా కూర్చుంటుంది. కాబట్టి జిప్సీ బాక్సే ఉంచి అడాప్టర్ ప్లేట్ వేయించాలి.

ఇప్పుడు లెక్క చూడండి. జిప్సీ కింగ్ పెట్రోల్ టార్క్ 4500 ఆర్‌పీఎం దగ్గర 103 ఎన్ఎం. ఈ 75 పీఎస్ డీజిల్‌ది 2000 దగ్గరే 190. ఫస్ట్ గేర్ రేషియో సుమారు 3.65, సెకండ్ 1.95. గుణిస్తే పెట్రోల్ ఫస్ట్‌లో 376, డీజిల్ సెకండ్‌లో 370. దాదాపు ఒకటే! ఫస్ట్‌లో ఇలా కదిలిందో లేదో బండి సెకండ్ అడుగుతుంది. పైగా వందకి చేసిన బాక్స్ మీద 190 పడుతోంది, క్లచ్ టపీమని వదలకండి.

అసలు చిక్కు హైవే మీద. పెట్రోల్ పూర్తి పవర్ 6000 దగ్గర, డీజిల్‌ది 4000 దగ్గర. అంటే అదే టాప్ గేర్‌లో, పూర్తి పవర్ దగ్గర వచ్చే స్పీడ్ మూడింట రెండొంతులే. మందు క్రౌన్-పినియన్ రేషియో తగ్గించడం. ఫోర్ వీల్ డ్రైవ్ కదా, ముందూ వెనకా రెండూ మార్చాలి, ఖర్చు డబుల్.

మా కూచిపూడి వైపు ఘాట్ అన్నదే లేదు, పామర్రు–చల్లపల్లి రోడ్డంతా చదునే. ఇక్కడ తగ్గించేయొచ్చు. కాలవ గట్టు బురదకి లో-రేంజ్ ఉండనే ఉంది. అరకు తిరిగే వాళ్లయితే పాతదే ఉంచుకోండి.

అన్నట్టు, ఆర్సీలో ఇంధనం కూడా మారుతుంది. ఆర్టీవో అనుమతి ఇంజిన్ కొనకముందే తీసుకోండి.